అర చుక్క

గురువారం రాత్రి తొమ్మిదింటికి
దియొలిందా గారి ఫోను.
"రెండున్నర" అంటుంది, పలకరింపైనా లేకుండా.
మా అచ్చు అరల్లో అర చుక్క లేదమ్మా, అంటాను.
నిండు చుక్క ఉంది. బోలు చుక్క ఉంది.
నడిమిది ఎవడూ పోత పొయ్యలేదు.
"అయితే ఒకదాన్ని కోసుకో, ఫౌస్తో.
సీసమే కదా, వజ్రం కాదుగా."

పదకొండేళ్ళుగా ఇదే తగువు.
పోర్తో నగరంలో పుస్తకం అచ్చేసిన ప్రతివాడూ
ఆదివారం పొద్దున రొట్టెల కొట్టు ముందే పత్రిక విప్పి
వెనకనుంచి రెండో పేజీకి పోతాడు.
ఆవిడ కొందరికి చుక్కలిస్తుంది.
కొందరికి చూపిస్తుంది.

వాళ్ళ నాన్న మతోజిన్యోస్ రేవులో
చేపల వేలం పాడేవాడట.
తెల్లారగట్ల కూతుర్ని తడి గట్టు మీద నిలబెట్టి
కన్ను చూడు, అనేవాడట.
ఉబ్బి మెరిస్తే ఈ రాత్రిది, గుంట పడితే నిన్నటిది.
మొప్ప ఎత్తి చూడు.
పైన నీళ్ళు చల్లినవాడు
లోపల ఎరుపు పుయ్యలేడు.

అందుకే ఆవిడ మొదటి పేజీని నమ్మదు.
నడుమ ఎక్కడో వేలు దూర్చి
మొప్ప ఎత్తినట్టే ఎత్తుతుంది.
వాసన కూడా చూస్తుందని గిట్టనివాళ్ళు అంటారు.
నిజమే, నేను చూశాను.

ముందుమాటలో తన్ను తాను పొగుడుకుంటే అర చుక్క కోత.
ఆ పొగడ్త ఇంకొకడి చేత రాయిస్తే పూర్తి చుక్క.
చదువుతుంటే పొయ్యి మీద ఉల్లిపాయలు మాడాయా,
మూడుకి తగ్గదు.
గిన్నే పారెయ్యాల్సి వస్తే నాలుగు.
ఐదు ఒక్కసారే వేసింది.
అర్ధరాత్రి ఫోను చేసి, నాలుగు చెయ్యి, అంది.
కట్టలు అప్పటికే రైలెక్కేశాయి.
ఆ ఐదోది ఇప్పటికీ నా ఖాతాలోనే ఉంది.

మార్చిలో ఒక పలచటి పుస్తకం వచ్చింది.
రాసినవాడు అబీలియు,
ట్రాముల షెడ్డులో పనిచేసి దిగిపోయిన మనిషి.
సొంత డబ్బుతో వేసుకున్నాడు,
అట్ట మీద తన ఫోటో, టోపీతో.
"ఒకటి" అంది. పేర్చేశాను.
తొమ్మిదింపావుకి మళ్ళీ మోగింది.
"అరవై మూడో పేజీ. విను."

వానాకాలం ఏటవాలు వీధిలో
ట్రాము రాకముందే పట్టాల మీద ఇసుక చల్లేవాణ్ణి.
ముప్ఫై ఏళ్ళు చల్లాను.
ఏ బండీ జారలేదు
కాబట్టి ఎవరికీ తెలీదు.

అంతే, పెట్టెయ్యలేదు. ఊపిరి వినిపిస్తోంది,
వెనకాల ఏదో గిన్నె మూత కొట్టుకుంటోంది.
"మిగతా పేజీలన్నీ తవుడు, ఫౌస్తో.
కన్ను గుంట పడింది. ఒకటే వెయ్యి."
ఒకటేనా?
"ఒకటే. ఒకటి..."
నేను ఆకురాయి తీశాను.

మెత్తటి లోహమే గాని మొండిది.
నడిమి మొన దగ్గర రెండుసార్లు జారింది.
ఏ సగం ఉంచను, అని అడిగితే
ఎగతాళి చేస్తుందనుకున్నా.
చాలాసేపు ఆలోచించింది.
"ముందుది. చదివేవాడికి ముందు తగిలేది."
అచ్చులో అంతా తిరగేసి ఉంటుంది,
అందుకని నా కుడి సగం ఉంచాను.
మిగిలింది జేబులో వేసుకున్నాను, ఎందుకో తెలీదు.

ఆదివారం ఎవడికీ అర్థం కాలేదు.
సిరా చెదిరిందన్నారు, అచ్చు విరిగిందన్నారు.
ఎడిటరు నా జీతంలో కొంత కోశాడు.
సోమవారం అబీలియు తనే వచ్చాడు,
పత్రికని నాలుగు మడతలు పెట్టుకుని,
అదే టోపీ.
"ఒక చుక్క సరే. పక్కన ఈ విరిగిందేంటండీ?
సవరణ వేస్తారా?"
వేస్తామన్నాను.
వెయ్యలేదు.

ఈ గురువారం తొమ్మిదికి ఫోను.
"మూడుంబావు" అంది.